అక్కకి ఏడు మార్కులు

నాకు నోరెక్కువ. ఈ మాట అమ్మ అనేది, బావ ఇప్పటికీ అంటాడు, ఆస్పత్రిలో నా బల్ల ముందు కూర్చున్న ఆడవాళ్ళు పైకి అనకపోయినా వాళ్ళ మొహాల్లో కనబడుతుంది. అడిగేది నేను, జవాబు చెప్పాల్సింది వాళ్ళు. మధ్యలో ఎవరైనా ఇంటి కథలు ఎత్తుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. "ఎన్నో ఏట పెద్దమనిషయ్యారు? మొదటి కాన్పు ఎన్నేళ్ళకి? పిల్లలకి ఎన్ని నెలలు పాలిచ్చారు?" పదకొండేళ్ళుగా ఇవే నా ప్రశ్నలు. అందుకే ఆస్పత్రిలో స్వీపరు దగ్గర్నుంచి పెద్ద డాక్టరమ్మ దాకా అందరూ నన్ను ప్రశ్నలమ్మ అంటారు.

నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. రొమ్ము కాన్సరు ఎవరికి ఎక్కువ వస్తోంది, వచ్చాక ఎవరు బతుకుతున్నారు అని లెక్కలు తీసే విభాగంలో గుమాస్తాని. మా దగ్గర రెండు రకాల కాగితాలుంటాయి. తెల్ల కాగితం ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళకి. వయసు, బరువు, కాన్పులు, తిండి, తాగుడు, నడక అన్నీ రాసుకుని మార్కులు వేస్తాం. ఇరవై దాటితే స్కానింగుకి పంపుతాం. పసుపు కాగితం జబ్బు బయటపడ్డవాళ్ళకి. దాన్ని వార్డులో మంచం పక్కన కూర్చుని నింపాలి. నాది తెల్ల కాగితం. పసుపుది ఒక పెద్దాయన చూసేవాడు.

మా గది గోడకి ఊరి పటం ఉంది. జబ్బు తేలిన ప్రతి మనిషికీ ఆమె ఇల్లున్న చోట ఒక నీలం గుండుసూది గుచ్చుతాం. ఆమె చనిపోతే పక్కనే ఎర్రది. ఎగువపేటలో పెద్ద ఇళ్ళు, బడులు, ఆఫీసులు. దిగువపేటలో కాలవ పక్కన లాండ్రీలు, షెడ్లు, ఇరుకిళ్ళు. ఎగువపేట నిండా నీలం సూదులే. దిగువపేటలో ఎక్కడో ఒకటి, మళ్ళీ ఎక్కడో ఒకటి. నేను పుట్టింది దిగువపేటలో, అక్క ఇప్పటికీ అక్కడే. రోజూ టీ తాగుతూ ఆ పటం చూసి లోలోపల మురిసిపోయేదాన్ని. ఎగువవాళ్ళు మొదటి బిడ్డని కనేసరికి ముప్పై అయిదు దాటుతాయి, రెండు నెలలు పాలిచ్చి మానేస్తారు, సాయంత్రమైతే గ్లాసు చేతిలో ఉండాలి, కుర్చీలోంచి లేస్తే కారు. మావాళ్ళు ఇరవైకే తల్లులు, రోజంతా కాళ్ళ మీద నిలబడి పనిచేస్తారు. మావాళ్ళు గట్టివాళ్ళు అనుకునేదాన్ని. మరి ఎర్ర సూదుల్ని చూడలేదా అంటే, చూశాను. దిగువపేటలో ఒక్కో నీలం సూదినీ అంటుకుని దాదాపుగా ఒక ఎర్రది ఉంది. కళ్ళు చూశాయి గానీ బుర్ర పట్టించుకోలేదు.

నేను ఎగువపేటలో ఒక లెక్కల టీచరు ఇంట్లో, మేడ మీద గది అద్దెకి తీసుకుని ఉంటున్నాను. టీచరమ్మకి యాభై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు, లావుగా, దర్జాగా ఉంటుంది. సెలవురోజున అక్క నన్ను చూడటానికి వస్తే ముగ్గురం కింద వంటగదిలో కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఒక సెలవురోజు మధ్యాహ్నం నేను కొత్త తెల్ల కాగితాల కట్ట తెచ్చుకున్నాను. అంకెలు కొంచెం మార్చారు, చెయ్యి తిరగాలి కదా అని.

"మాకు వెయ్యవే మార్కులు," అంది టీచరమ్మ. "జీవితమంతా నేనే వేశాను. ఒకసారి నాకూ పడనీ."

వేశాను. పిల్లల్లేరు, అయిదు. బరువు, నాలుగు. సాయంత్రం గ్లాసు రోజూనా అంటే, "రోజూ కాదు, వారానికి ఆరు రోజులే," అంది. మూడు. వయసూ మిగతావీ కలిపి మొత్తం ఇరవై రెండు తేలింది. టీచరమ్మ కళ్ళజోడు తీసి కాగితం దగ్గరగా పెట్టుకుని కూడిక సరిచూసుకుంది. నేను ఊరుకోలేదు. మర్నాడే స్కానింగుకి రావాలని పట్టుబట్టాను. వచ్చేదాకా చెవిలో జోరీగలా వదల్లేదు.

తర్వాత అక్క. అక్కకి నలభై మూడు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని. తడి దుప్పట్ల మూటని రొమ్ముకి ఆనించి ఎత్తుకుని ఇస్త్రీ యంత్రం దగ్గరికి మోస్తుంది, రోజుకి ఎన్నిసార్లో దానికే తెలీదు. నలుగురు పిల్లలు, మొదటిది పందొమ్మిదో ఏట. నలుగురికీ ఏడాదిన్నర తక్కువ కాకుండా పాలిచ్చింది. ఎముకల గూడులా ఉంటుంది. తాగుడు లేదు. ఇంటినుంచి లాండ్రీకి రానూపోనూ నడకే.

"ఏడు," అన్నాను. "ఇంత తక్కువ నేనెప్పుడూ వెయ్యలేదే అక్కా."

"బడిలో కూడా అంతే వచ్చేవి," అంది అక్క. టీచరమ్మ నవ్వి నవ్వి దగ్గింది.

ఆ తర్వాత టీచరమ్మ ఎవరో పిలిస్తే వాకిట్లోకి వెళ్ళింది. అక్క కప్పులు కడుగుతూ, నా వైపు తిరక్కుండానే అంది. "ఇక్కడ ఎడమ పక్కన ఏదో గట్టిగా తగులుతోందే. చింతగింజంత. నొప్పేం లేదు."

ఆ క్షణాన్ని నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పుకున్నానో. చెయ్యి తుడుచుకుని లేచి, ఏదీ చూడనీ అని ఉంటే సరిపోయేది. నేను కాగితాలు సర్దుకుంటున్నాను.

"నీకా? ఏడు మార్కులదానికా?" అన్నాను. "మూట దెబ్బ తగిలుంటుంది. నీకు రాదులే."

"అంతేనంటావా?"

"పదకొండేళ్ళుగా చూస్తున్నాను. నీకు రాదు."

అక్క నవ్వింది. భుజాలు దిగిపోయాయి, ఎన్నాళ్ళనుంచో బిగబట్టుకున్నట్టుంది పిచ్చిది. మళ్ళీ టీ పెట్టింది.

తెల్ల కాగితం మీద మొట్టమొదటి వరుస ఇలా ఉంటుంది: రొమ్ములో గడ్డ గానీ చర్మంలో మార్పు గానీ లేనివారికి మాత్రమే. నేను దాన్ని ఏనాడూ చదివి వినిపించలేదు, ఎందుకంటే అవసరం రాలేదు. ఆస్పత్రిలోనైనా ఊళ్ళో పెట్టే శిబిరాల్లోనైనా గుమ్మం దగ్గరే నర్సు పరీక్ష చేస్తుంది. చేతికి ఏదైనా తగిలితే ఆ మనిషిని అటునుంచి అటే డాక్టరు గదికి పంపేస్తుంది. ఏదీ తగలనివాళ్ళే నా బల్ల దగ్గరికి వస్తారు. పదకొండేళ్ళలో గడ్డ ఉన్న మనిషి ఒక్కతీ నా ముందు కూర్చోలేదు. మార్కులు తక్కువైతే భయం లేదనే మాట నాకు వేదం అయిపోయింది. గుమ్మం దగ్గర ఆ నర్సు ఉందన్న సంగతే మర్చిపోయాను. టీచరమ్మ వంటగదికి నర్సు ఎక్కణ్ణుంచి వస్తుంది?

టీచరమ్మకి స్కానింగులో బియ్యపుగింజంత మచ్చ కనబడింది. చేతికి తగలదు, కంటికి కనబడదు. కోసి తీసేశారు. కొన్నాళ్ళు కరెంటు పెట్టారు. రెండు నెలల్లో బడికి వెళ్ళిపోయింది. "నువ్వు నా ప్రాణం నిలబెట్టావే," అని అందరికీ చెప్పేది, నేను కూడా పెద్ద ఘనకార్యం చేసినదానిలా తలెగరేసి తిరిగాను.

ఎనిమిది నెలల తర్వాత అక్క లాండ్రీ నుంచే తిన్నగా ఆస్పత్రికి వచ్చింది. ఎడమచెయ్యి వాచి జాకెట్టు చెయ్యి పట్టడం లేదు. రొమ్ము మీద చర్మం నారింజ తొక్కలా గుంటలు పడింది. లోపల గుడ్డ మడిచి పెట్టుకుంది, అది తడిసి ఉంది.

"ఇంతకాలం ఏం చేశావే?" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినబడింది.

"రాదన్నావు కదా," అంది అక్క. నిష్ఠూరంగా కాదు. మామూలుగా, దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది. "అందుకే మూటని కుడివైపుకి మార్చుకున్నాను."

పరీక్షలయ్యాయి. పెద్ద డాక్టరమ్మ నన్ను ఒక్కదాన్నే పటం ఉన్న గదిలోకి పిలిచి తలుపేసింది. ఆవిడ మాటలు మెత్తగా చుట్టి చెప్పే మనిషి కాదు. ఎముకల్లోకి పాకింది, కాలేయంలో కూడా ఉంది అంది. నేను మార్కుల సంగతి ఎత్తాను. ఏడు మార్కులు మేడం, నలుగురు పిల్లలు మేడం అని వాగాను.

"ఆ మార్కులు ఎవర్ని చూసి తయారుచేశారో తెలుసా?" అంది. "ఎగువపేట లాంటి చోట్ల ఆడవాళ్ళని చూసి. వాళ్ళకి ఎక్కువగా వచ్చేది ఒక రకం, నెమ్మదిగా పెరుగుతుంది, మందుకి లొంగుతుంది. మీ అక్కకి వచ్చింది ఇంకో రకం. వయసులో ఉండగానే వస్తుంది, పరిగెత్తుతుంది. మీ వైపువాళ్ళలో అది కొంచెం ఎక్కువే. ఎన్నాళ్ళు పాలిచ్చావు, ఎంత నడిచావు అని దానికి పట్టింపు లేదు. అయినా గడ్డ ఉన్న మనిషికి మార్కులేంటి? ఎవరు వేశారు?"

నేను పటం వైపు చూశాను. దిగువపేటలో నీలం సూదులు అప్పటికీ కొన్నే.

"రావడం వేరు, వచ్చాక బతకడం వేరు," అంది డాక్టరమ్మ తనూ పటంవైపు తిరిగి. "ఎక్కువమందికి వచ్చేది పైన. ఎక్కువమంది పోయేది కింద. పైవాళ్ళు బియ్యపుగింజంత ఉన్నప్పుడే వస్తారు. మీవాళ్ళు మోయలేనప్పుడు వస్తారు. మొదట్లోనే వచ్చుంటే మీ అక్కని గట్టెక్కించేవాళ్ళం అని ఒట్టేసి చెప్పను. ప్రయత్నించేదాన్ని మాత్రం."

వరండాలో బావ పచార్లు చేస్తున్నాడు. బావ బస్సుల షెడ్డులో మెకానిక్కు. మనిషి బండగా ఉంటాడు గానీ అక్కంటే ప్రాణం. సంగతి చెప్పగానే చక్రాల కుర్చీలో ఉన్న అక్క మీద విరుచుకుపడ్డాడు.

"ఇంట్లో చెంచా కనబడకపోతే నాకు చెప్తావే. చిన్నదానికి తుమ్మొస్తే షెడ్డుకి ఫోను చేస్తావే. ఇది చెప్పకూడదా? ఎవరికి చెప్పావు? ఒక్కరికైనా చెప్పావా?"

అక్క నావైపు చూసింది. తర్వాత నేలవైపు చూసింది.

"ఎవరికీ చెప్పలేదు," అంది.

నాకు నోరెక్కువ అన్నాను కదా. ఆ రోజు అది పెగల్లేదు. పైగా సిగ్గులేకుండా మనసు కుదుటపడింది. అక్క కాపాడుతోంటే నేను దాని వెనక దాక్కున్నాను. చిన్నప్పుడు నేను అద్దం పగలగొట్టినప్పుడూ ఇంతే. దెబ్బలు దానికి, వెక్కిళ్ళు నాకు.

వార్డులో చేర్చాక పసుపు కాగితం నింపాల్సొచ్చింది. సొంతవాళ్ళు నింపకూడదని నియమం ఉంది. కానీ పెద్దాయన మంచం దగ్గరికి వస్తే అక్క దుప్పటి మెడదాకా లాక్కుని, మగాడితో ఇవన్నీ ఏం మాట్లాడను, మా చెల్లెల్ని పంపండి అంది. ఆయనకీ కావాల్సింది అదే. కాగితం నా చేతిలో పెట్టి టీకి వెళ్ళిపోయాడు.

పిల్లలు, కాన్పులు, బరువు అన్నీ నాకు తెలిసినవే. గబగబా రాసేశాను. పద్నాలుగో ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది.

"చదువు," అంది అక్క.

"మొదటిసారి గమనించాక ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదని రాయి."

"అక్కా, అబద్ధం రాయమంటావా?"

"మీ మేడానికి తెలిస్తే నిన్ను ఉంచుతుందా? నీకు మొగుడా పిల్లలా, ఉన్నదే ఆ కుర్చీ." ఆయాసం వచ్చి కాసేపు ఆగింది. "మీ బావకి తెలిస్తే ఇంక జన్మలో నీ మొహం చూడడు. నేను పోయాక పిల్లలకి ఎవరున్నారే, నువ్వు తప్ప? నిన్ను గుమ్మం ఎక్కనివ్వకపోతే చిన్నదాని జడ ఎవరేస్తారు?"

"పోయాక అనకు."

"రాయవే తల్లీ. చెయ్యి లాగుతోంది, త్వరగా కానీ."

రాశాను. ఎవరికీ చెప్పలేదు. పదిహేనో ప్రశ్న, ఆలస్యానికి కారణం. కింద అంకెలున్నాయి. భయం ఒకటి, సిగ్గు రెండు, దూరం మూడు, ఇంట్లో ఒప్పుకోలేదు నాలుగు. చెల్లెలి పొగరు అన్నదానికి అంకె లేదు. సిగ్గు అని వేశాను.

ఏడు నెలలు బతికింది అక్క. మందు ఎక్కించినప్పుడల్లా వాంతులు, నోరంతా పుళ్ళు. లాండ్రీలో నుంచి తోటి ఆడవాళ్ళు వంతులేసుకుని వచ్చేవాళ్ళు. టీచరమ్మ కూడా వచ్చి, మంచం పక్కన కూర్చుని చిన్నదాని చేత ఎక్కాలు చెప్పించేది. ఆవిడకి ఇరవై రెండు మార్కులు, అక్కకి ఏడు. బావ రోజూ షెడ్డు నుంచి వచ్చేవాడు. అక్కకి పళ్ళరసం చెంచాతో పట్టేవాడు, మూతి తుడిచేవాడు, పక్క మార్చేవాడు. అంతా అయ్యాక మళ్ళీ మొదలుపెట్టేవాడు. "ఎందుకు దాచావే? నాకెందుకు చెప్పలేదే? నేనేం రాక్షసుణ్ణా?" అక్క కళ్ళు మూసుకునేది. నేను ఆ గదిలోనే ఉండేదాన్ని. ఒక్కోసారి మందులచీటీ చూస్తున్నట్టు నటించేదాన్ని, ఒక్కోసారి నీళ్ళసీసా నింపుకొస్తానని బయటికి పోయేదాన్ని.

అక్క పోయింది. ఎర్ర సూది నేనే గుచ్చాను, వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు.

నెల తర్వాత విభాగంలో సమావేశం పెట్టారు. డాక్టరమ్మ ఆ ఏటి పట్టిక చదివింది. దిగువపేటలో ఆలస్యంగా వచ్చినవాళ్ళు ముప్పై ఒక్కమంది. వాళ్ళలో ఎవరికీ చెప్పనివాళ్ళు పందొమ్మిది మంది.

"చూశారా, జబ్బుకంటే ముందు ఈ మౌనం చంపుతోంది," అంది డాక్టరమ్మ. "నోరు విప్పించాలి. ప్రతి లాండ్రీకీ ప్రతి షెడ్డుకీ బోర్డులు పెట్టిద్దాం."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. వారం తిరక్కుండా గోడల మీద బోర్డులు వెలిశాయి. ఒక ఆడమనిషి బొమ్మ, నోటికి అడ్డంగా చెయ్యి. కింద పెద్ద అక్షరాలు: దాచుకోకండి. ఎవరో ఒకరికి చెప్పండి.

లాండ్రీ గేటు దగ్గర ఆ బోర్డు కింద అక్కతో పనిచేసిన ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటుంటే విన్నాను. "ఆవిడ కూడా చెప్పుంటే బతికేది. మహా గుంభన మనిషి," అంది ఒకామె. నాకు తల కొట్టేసినట్టయింది. మా అక్క కడుపులో మాట దాగేది కాదు. బస్సులో పక్కన కూర్చున్నదానికి నలుగురు పిల్లల పురుళ్ళూ పూస గుచ్చినట్టు చెప్పేది. దాన్ని గుంభన మనిషిని చేసింది నేను. నా చేత్తో, నా పెన్నుతో.

ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి పసుపు కాగితం తీసి ముందు పెట్టాను. వంటగదిలో జరిగింది మొదట్నుంచి చివరిదాకా చెప్పాను. ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"మిగతా పద్దెనిమిది మంది?" అంది. "వాళ్ళు నిజంగా చెప్పలేదా? వాళ్ళూ ఎవరినో ఒకర్ని కాపాడారా?"

నాకేం తెలుసు? వాళ్ళలో పదహారు మంది అప్పటికే లేరు.

ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం, ముందు నువ్వు చెప్పాల్సినవాళ్ళకి చెప్పు అంది. అక్కణ్ణుంచి తిన్నగా బస్సుల షెడ్డుకి నడిచాను. మధ్యాహ్నం భోజనాల వేళ. బావ ఒక్కడే బస్సు కింద నుంచి బయటికి వచ్చి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. వెనక గోడకి అదే బోర్డు.

"చూశావా, మీ మేడం ఎంత మంచి మాట రాయించిందో," అన్నాడు గడ్డంతో చూపిస్తూ. "ఇదేదో ముందే పెట్టుంటే మీ అక్క చదివేదేమో. ఎవరో ఒకరికి చెప్పేదేమో."

"చెప్పింది బావా."

"ఏంటి?"

"అక్క చెప్పింది. చింతగింజంత ఉన్నప్పుడే. నాకు చెప్పింది."

గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ ఉన్నాడు. మసి ఎప్పుడో పోయింది, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"నువ్వేమన్నావు?"

"నీకు రాదులే అన్నాను."

"అదేమంది?"

"నవ్వింది. టీ పెట్టింది."

కొడతాడనుకున్నాను. కొడితే పడదామనే వెళ్ళాను. బావ పాత టైరు మీద కూలబడ్డాడు. బోర్డువైపు చూశాడు, నావైపు చూడలేదు.

"రోజూ తిట్టాను దాన్ని," అన్నాడు. "ఏడు నెలలు. మూతి తుడిచి మరీ తిట్టాను. ఆఖరి రోజు పొద్దున కూడా అడిగాను, ఎందుకు దాచావే అని."

నేను ఎదురుగా నిలబడే ఉన్నాను.

"నా చెయ్యి పట్టుకుని, తప్పయిపోయింది, ఈసారి నీకే ముందు చెప్తాలే అంది."

గుడ్డ మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. షెడ్డులో భోజనాల వేళ అయిపోయిందని గంట కొట్టారు, మెకానిక్కులు ఒక్కొక్కళ్ళే లోపలికి వస్తున్నారు. బావ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. లేచి మళ్ళీ బస్సు కిందకి వెళ్ళిపోయాడు.